అర డెసిబెల్ కుట్ర

ఫైబర్ అతుక్కునే పది సెకన్లూ వెంట్రుక తల తిప్పడు.

అది అతని ఇరవై రెండేళ్ళ అలవాటు. తలవెంట్రుకంత సన్నని గాజు పోగులు రెండింటిని మెషిన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తాడు. లోపల చిన్న నిప్పురవ్వ పుట్టి రెండు కొనలనూ కరిగించి ఒకటి చేస్తుంది. ఆ కాసేపూ పెద్ద ఆఫీసరు వచ్చి నిలబడినా లేవడు, ఇంటి నుంచి ఫోనొచ్చినా ఎత్తడు. ఆ పనితనం వల్లే తోటివాళ్ళు అతని అసలు పేరు మరిచిపోయి వెంట్రుక అని పిలవడం మొదలుపెట్టారు.

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు అతను ఏడో నంబరు యాంప్లిఫయర్ స్టేషన్లో ఒంటరిగా పని చేసుకుంటున్నాడు. స్టేషన్ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక సిమెంటు గది, రెండు ఇనుప రాక్‌లు, గోడ వారగా బ్యాటరీలు, గుర్రుమనే ఎయిర్ కండిషనర్. వెనక తలుపు తెరుచుకుంది. వచ్చిందెవరో నడక చప్పుడును బట్టి అతనికి తెలిసిపోయింది. మూత మీది నుంచి చూపు తిప్పకుండానే ఒక్క నిమిషం ఆగమన్నాడు.

వచ్చిన మనిషి ఆగలేదు. నాలుగో సెకనులో వెంట్రుక మెడ వెనక సూది లాంటిదేదో దిగింది. ఏడో సెకనుకు అతని గడ్డం గుండెల మీద వాలిపోయింది. పదో సెకనుకు మెషిన్ కీచుమని, అతుకు బాగా కుదిరిందంటూ పచ్చదీపం వెలిగించింది.

*

పదకొండు గంటలకు చీఫ్ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఆ గదికి కిటికీ లేదు. చీఫ్ ఎదుట నిలబడ్డ మనిషిని డిపార్ట్‌మెంట్లో ముల్లు అంటారు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడే ఉండిపోతాడని ఒక వర్గం, తీసి పారేయడం కష్టమని ఇంకో వర్గం ఆ పేరుకు అర్థం చెబుతారు. ముల్లును చూస్తే చీఫ్‌కు కడుపులో మంట. చీఫ్‌ను చూస్తే ముల్లుకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఈ విషయంలో ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు.

చీఫ్ ఒక కాగితం ముక్కను టేబుల్ మీదికి విసిరాడు. అది చనిపోయిన వెంట్రుక జేబులో దొరికింది. పన్నెండు అంకెలు వరసగా ఉన్నాయి. సున్నా పాయింట్ ఐదు, సున్నా పాయింట్ నాలుగు, మళ్ళీ ఐదు, ఇలా. కింద కూడితే ఐదు పాయింట్ ఎనిమిది. దాని కింద రెండు గీతలు. పోలీసులు అదేదో షుగర్ టెస్టు రిపోర్టనుకుని పక్కన పడేశారు.

తర్వాత చీఫ్ అసలు సంగతి చెప్పాడు. డిపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి సరిహద్దు దాటి, శత్రుదేశపు రాజధానిలో ఉన్న మన రాయబార కార్యాలయం దాకా ఒకే ఒక్క గాజు పోగు ఉంది. తొమ్మిది వందల కిలోమీటర్లు. అంత దూరం వెళ్ళేసరికి వెలుగు నీరసించిపోతుంది కాబట్టి, దారిలో పన్నెండు చోట్ల యాంప్లిఫయర్లు పెట్టి దానికి మళ్ళీ బలం పోస్తారు. ఆ ఒక్క పోగులోనే కంటికి కనిపించని నలభై రంగుల వెలుగు వెళ్ళగలదు. ఒక్కో రంగు ఒక్కో సంస్థది. ఆసుపత్రులది ఒకటి, పత్రికలది ఒకటి. నాలుగో రంగు డిపార్ట్‌మెంట్‌ది.

ఈరోజు సాయంత్రం నాలుగింటికి ఆ నాలుగో రంగులో ఒక మెసేజ్ వెళ్ళాలి. అందులో ఒక గేటు నంబరు, ఒక వ్యాను నంబరు ఉంటాయి. అవి 'టీచర్' అనే గూఢచారి కోసం. టీచర్ పదకొండేళ్ళుగా శత్రువుల రక్షణ శాఖలో ఫైళ్ళు సర్దే గుమాస్తాగా పని చేస్తోంది. నిన్న ఆమె మీద వాళ్ళకు అనుమానం వచ్చింది. మెసేజ్ అందగానే మన కార్యాలయం మేడ మీది కిటికీకి కట్టే పరదాల రంగులను బట్టి, ఎదుటి బస్‌స్టాపులో నిలబడ్డ ఆమెకు ఏ గేటు నుంచి బయటపడాలో తెలుస్తుంది. మెసేజ్ రాకపోతే ఆమె పాత ప్లాను ప్రకారం ఉత్తరపు గేటుకు వెళుతుంది. అక్కడ నిన్నటి నుంచీ మఫ్టీలో ఆరుగురు కూర్చుని ఉన్నారు.

"మెయిన్ లైను దెబ్బతింటే?" ముల్లు అడిగాడు.

దెబ్బతింటే లైను ఎవరినీ అడక్కుండా దానంతటదే పాత రాగి కేబుల్ మీదికి మారిపోతుందని చీఫ్ చెప్పాడు. ఆ పాత దారి శత్రువుల టెలిఫోన్ ఎక్స్‌చేంజి గుండా పోతుంది. దాని మీద నడిచే కోడ్ ముప్ఫై ఏళ్ళనాటిది. దాన్ని వాళ్ళు తీరిగ్గా కాఫీ తాగుతూ విప్పుకుంటారు. అప్పుడు ఆమె కొత్త గేటు దగ్గర దొరుకుతుంది. అంటే మెసేజ్ ఆగినా చావే, దారి తప్పినా చావే.

టీచర్ ముల్లుకు సొంత అక్క. ఆ విషయం ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు.

"ఆవిడ మీ అక్క అని తెలిసి కూడా నిన్నే పంపుతున్నానంటే, నా దగ్గర ఇంకొకడు లేడని అర్థం. పొగడ్త అనుకోకు."

"అనుకోలేదు సార్."

చివర్లో చీఫ్ ఇంకొక మాట అన్నాడు. శత్రువుల గ్యాంగ్ ఈ లైను మీద ఏదో పన్నాగం పన్నుతోందని నెమలి కబురు పంపిందట. నెమలి ఆ గ్యాంగులో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు సమాచారం చేరవేసే మనిషి. నెమలి కంఠం రంగు స్కార్ఫు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. ముల్లు చూశాడు. నాలుగేళ్ళు ఆమె అతని భార్య.

"ఆవిడ గురించి నీ అభిప్రాయం నాకక్కర్లేదు. మూడున్నరలోగా నాకు రిపోర్టు కావాలి" అన్నాడు చీఫ్.

ముల్లు కింది అంతస్తుకు వెళ్ళి, మత్తు సూది విసిరే పెన్ను, కెమెరా గడియారం, చొక్కా బొత్తాంలో మైకు తీసుకుని సంతకం పెట్టాడు. మనసంతా అక్క మీదే ఉంది. అతనికి భయం వేసింది. భయం వేసినప్పుడు అతను మరీ మొరటుగా తయారవుతాడు. సంతకం సరిగా పెట్టమన్న స్టోర్ కీపర్‌తో అనవసరంగా నోరు పారేసుకున్నాడు.

*

ఒంటిగంట దాటాక ఏడో నంబరు స్టేషన్ ముందు ఒక ఎయిర్ కండిషనర్ మెకానిక్ స్కూటర్ దిగాడు. నూనె మరకల చొక్కా, భుజాన పనిముట్ల సంచి, చెవి వెనక బీడీ. వేషం బాగానే కుదిరింది. కానీ లోపల ఉన్న ఇన్‌చార్జికి మెకానిక్‌లంటేనే పడదు.

ఇన్‌చార్జి యాభై అయిదేళ్ళ మనిషి. కాలి బొటనవేలికి వాపు, ముక్కు మీద కోపం. పొద్దుటి నుంచి పోలీసులు బూట్లతో తొక్కి గదంతా పాడు చేశారని, ఇప్పుడు నువ్వొకడివి తయారయ్యావని విసుక్కున్నాడు. పిలవని మెకానిక్ ఎందుకొచ్చాడని అడిగాడు. ముల్లు నీళ్ళు నమలకుండా, గదిలో వేడి పెరిగిందని హెడ్డాఫీసుకు అలారం వచ్చిందని చెప్పి, ఏసీ మూత విప్పుతూ మాటల్లో దించాడు. తన స్టేషన్ గొప్ప చెప్పుకోమంటే ఇన్‌చార్జికి వాపు కూడా గుర్తుండదు.

"ఈ పెట్టె ఉంది చూశావా, దీనికి అందరూ సమానం కాదు" అన్నాడు, యాంప్లిఫయర్ మీద చెయ్యి వేసి. "కొన్ని రంగులంటే ముద్దు. వాటిని ఎక్కువ పెంచుతుంది. కొన్నిటిని సవతి పిల్లల్లా చూస్తుంది. ఒక్క స్టేషన్లో అయితే సర్దుకోవచ్చు. పన్నెండు దాటేసరికి ముద్దు పిల్లలు బలిసిపోతారు, మిగతావి రొదలో కలిసిపోతాయి. అందుకే లోపల ఫిల్టరు పెడతారు. ఎవడికి ముద్దు ఎక్కువైందో వాడికి అంత కోత. బయటికొచ్చేటప్పుడు అందరూ ఒకే ఎత్తు."

ఆ ఫిల్టర్లు ఎప్పటివని ముల్లు అడిగాడు. కొత్తవేనని, ఈ రెండు నెలల్లో పన్నెండు స్టేషన్లలోనూ మార్చారని, కంపెనీ తరఫున కన్సల్టెంటు మేడమ్ ఒకావిడ వచ్చి దగ్గరుండి చేయించిందని ఇన్‌చార్జి చెప్పాడు. నల్లకళ్ళద్దాలు, మెడలో నెమలి రంగు గుడ్డ. ముల్లు చేతిలోని స్క్రూడ్రైవర్ ఒక క్షణం ఆగింది.

ఫిల్టరు మార్చాక కొలతలు చూశారా అని అడిగేసరికి ఇన్‌చార్జికి పౌరుషం వచ్చింది. రిజిస్టరు తెరిచి ముఖం మీద పెట్టాడు. మొత్తం పవరు ఎంత ఉండాలో అంతే ఉంది. రంగురంగుకూ విడిగా తీసిన కొలతలోనూ అర డెసిబెల్‌కు మించి తేడా లేదు. అర డెసిబెల్ లోపు తేడా అంటే రూలు ప్రకారం తేడానే కాదు. ఓకే రాసి సంతకం పెట్టాడు.

"ఆ అర డెసిబెల్ తగ్గింది ఏ రంగుకు?"

"నాలుగో రంగుకు."

"పక్క స్టేషన్లో?"

"పక్క స్టేషన్ సంగతి నాకేం తెలుస్తుంది? వాళ్ళ రిజిస్టరు వాళ్ళది, నా రిజిస్టరు నాది. అయినా ఏసీ మెకానిక్‌కు ఇవన్నీ ఎందుకు?"

ముల్లు బీడీ తీసి పారేసి తన కార్డు చూపించాడు. ఇన్‌చార్జి కార్డును రెండువైపులా చూసి, ముందే చెప్పి ఏడిస్తే కుర్చీ వేసేవాణ్ణి కదా అని గొణిగాడు. తర్వాత మిగిలిన పదకొండు స్టేషన్లకూ ఫోన్ చేయించాడు ముల్లు. ప్రతి స్టేషన్ వాడూ మొదట కసురుకున్నాడు, మా రిజిస్టరులో తప్పేం లేదన్నాడు, ఆఖరికి అంకె చదివాడు. అన్ని చోట్లా తగ్గింది నాలుగో రంగే. ఒకచోట సున్నా పాయింట్ ఐదు, ఒకచోట నాలుగు. ఎవడికి వాడు నిజమే రాశాడు. పన్నెండు నిజాలనూ కూడినవాడు వెంట్రుక ఒక్కడే. అతని కాగితమూ, ఈ లెక్కా ఒక్కటే. ఐదు పాయింట్ ఎనిమిది.

మూడు డెసిబెల్ తగ్గితే వెలుగు సగమైనట్టు. ఆరు తగ్గితే పావు వంతు. నాలుగో రంగు ఆరు దాకా తట్టుకుంటుంది. అది దాటితే మెసేజ్‌లో తప్పులు దొర్లుతాయి, లైను పాత దారికి మారుతుంది. ఇంకా సున్నా పాయింట్ రెండు మాత్రమే మిగిలింది.

"ఇంకొక్క తోపు చాలు" అన్నాడు ముల్లు.

ఇన్‌చార్జి బల్ల మీది నోటీసును చూస్తున్నాడు. వాతావరణ సమాచారం అమ్మే ఒక కొత్త కంపెనీ ఇదే పోగులో పదహారు రంగులు అద్దెకు తీసుకుందట. ఇప్పుడు వెలుగుతున్నవి ఇరవై నాలుగు. ఆ పదహారింటినీ ఈరోజు మొదటిసారి వెలిగిస్తున్నారు. టైము మూడు యాభై ఎనిమిది. యాంప్లిఫయర్ ఇచ్చే మొత్తం బలం మాత్రం పెరగదు, ఉన్నదాన్నే నలభైమందీ పంచుకోవాలి. ఒక్కో రంగుకు రెండు డెసిబెల్‌కు పైగా కోత పడుతుంది. మిగతా రంగులు తట్టుకుంటాయి. నాలుగోది మునిగిపోతుంది.

పాత దారికి మారకుండా ఆపలేమా అని ముల్లు అడిగాడు. రెండు చివర్లా ఒకేసారి తాళం వేయాలని, అవతలి చివర తాళం పడాలంటే ఆ ఆదేశం పాత దారిలోనే వెళ్ళేలా కట్టారని ఇన్‌చార్జి జవాబిచ్చాడు. పన్నెండు ఫిల్టర్లు మార్చడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ముప్పావు గంట కూడా లేదు.

మూడూ ఇరవైకి ముల్లు చీఫ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాడు. మెసేజ్ ఇప్పుడే పంపేయమంటే, ఏ గేటో ఏ వ్యానో నాలుగింటికి గానీ ఖాయం కాదన్నాడు చీఫ్. వాతావరణం కంపెనీ మీదికి మనుషులను పంపమన్నాడు ముల్లు. నగరం అవతలి కొసన ఉంది, నాలుగున్నరకు గానీ చేరరన్నాడు చీఫ్. అప్పుడు ముల్లు వెంట్రుక చావు సంగతి ఎత్తాడు. అతను పది సెకన్లు తల తిప్పడని బయటివాళ్ళకు తెలియదు. పక్కన నిలబడి రెండు నెలలు పని చూసిన మనిషికి తెలుసు. నెమలిని వెంటనే పట్టుకోమన్నాడు.

చీఫ్ గొంతు మొదటిసారి మెత్తగా వినిపించింది.

"ఆవిణ్ణి నీకు సాయంగా పంపించాను. బయల్దేరి గంటయింది."

*

నెమలి మూడూ నలభై ఏడుకు వచ్చింది. తలుపు తట్టలేదు, ముల్లు లోపల వేసిన తాళాన్ని కన్సల్టెంటు తాళంచెవితోనే తీసింది. నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చేతిలోని చిన్న పిస్తోలుతో ఇద్దరినీ రాక్ దగ్గరికి జరగమని సైగ చేసింది. అందంగా ఉంది. అంత అందంగా ఉండటం ముల్లుకు మరింత ఒళ్ళు మండించింది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వు. గడియారం కూడా. మైకు ఉన్నది ఎడమ చేతి బొత్తాంలోనా, కుడి చేతి బొత్తాంలోనా?"

"కుడి."

"కుడి అన్నావంటే ఎడమ. రెండూ తెంపు."

డిపార్ట్‌మెంట్ సరుకంతా ఒక్క నిమిషంలో ఆమె హ్యాండ్‌బ్యాగులో పడింది. రిజిస్టరు వైపు చూసి నవ్వి, సంతకాలు చాలా అందంగా ఉన్నాయని ఇన్‌చార్జిని వెక్కిరించింది. అతను పళ్ళు నూరాడు. కదలడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ముల్లు కళ్ళు స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెర మీద ఉన్నాయి. ఇరవై నాలుగు నిట్టనిలువు గీతలు, ఒక్కో రంగుకు ఒకటి. ఎడమ కొసన నాలుగోది అన్నింటికంటే పొట్టి. గోడ గడియారం మూడూ యాభై రెండు. ఆమెను మాటల్లో పెట్టాలి. కానీ అతని నోటి నుంచి వచ్చింది ఎత్తుగడ కాదు, నిజంగా అడగాలనుకున్న ప్రశ్న.

"వాళ్ళు నీకేం ఇస్తున్నారు?"

"ఏమీ అడగలేదు. మీ అక్కను అడిగాను." ఆమె గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "మన పెళ్ళికి నెల ముందు, ఆ దేశానికి వెళ్ళబోతూ, నా మీద ఒక రిపోర్టు రాసిపెట్టి వెళ్ళింది. నమ్మదగిన మనిషి కాదు అని. ఒక్క వాక్యం. దాని మూలంగా డిపార్ట్‌మెంట్లో నాకు కుర్చీ రాలేదు. ఇంట్లో నువ్వు కూడా నన్ను ఆ వాక్యంలోంచే చూశావు. నాలుగేళ్ళు."

"రిపోర్టు తప్పా?"

"అప్పటికి తప్పే."

ఆమె అన్నది నిజమని అతనికి తెలుసు. అందుకు సిగ్గేసింది, ఆ సిగ్గు వెంటనే కోపంగా మారింది. మూడూ యాభై ఆరు.

రాక్ పక్కన కొక్కేనికి పసుపుపచ్చ ప్యాచ్‌కార్డ్‌లు వేలాడుతున్నాయి. రెండు పరికరాల మధ్య తగిలించే విడి ఫైబర్ తీగలవి. దేనికీ తగిలించి లేవు. ముల్లు చెయ్యి పైకెత్తే నెపంతో ఒకదాని కొసను లాగి, బొటనవేలితో టోపీ ఊడగొట్టి, ఆ కొసను సూటిగా ఆమె కంట్లోకి చూపించాడు.

మామూలు హంతకురాలు అయితే నవ్వి పేల్చేసేది. నెమలి ఈ పని నేర్చుకున్న మనిషి. తెరిచిన ఫైబర్ కొసలోకి చూడకూడదు, అందులోంచి వచ్చే వెలుగు కనిపించదు గానీ కన్ను పోతుంది. మొదటి రోజు చెప్పే పాఠం అదే. ఆలోచన కంటే ముందు అలవాటు పనిచేసింది. ఆమె చప్పున కళ్ళు మూసుకుని ముఖం పక్కకు తిప్పుకుంది.

అర సెకను. ముల్లుకు అంతే కావాలి. మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు బ్యాటరీల కిందికి జారిపోయింది. ఆమె రెండో చెయ్యి జడలోని పిన్ను వైపు వెళ్ళింది, కానీ ఇన్‌చార్జి అంతకుముందే వాపు కాలితో కుంటుతూ వచ్చి ఆ చేతిని ఒడిసి పట్టుకున్నాడు. వెంట్రుకను చంపింది దీనితోనేనా అని అరిచాడు. పిన్ను కొసన నీలం రంగు చుక్క ఉంది. ముల్లు పనిముట్ల సంచిలోంచి బేడీలు తీసి ఆమెను రాక్ ఇనుప స్తంభానికి తగిలించాడు.

"అది ఖాళీ తీగ" అంది ఆమె రొప్పుతూ.

"అవును."

"ఇప్పుడేం చేస్తావు? టైము చూడు."

మూడు యాభై ఎనిమిది. తెర మీద కుడివైపు ఒక్కసారిగా పదహారు గీతలు లేచాయి. మిగిలినవన్నీ కుంగాయి. నాలుగో గీత అడుగున ఉన్న రొద అంచులోకి దిగి వణకడం మొదలుపెట్టింది. ఇన్‌చార్జి తల పట్టుకున్నాడు. ముల్లుకు అక్క బస్‌స్టాపులో నిలబడి కిటికీ వైపు చూస్తున్నట్టు కనిపించింది. ఎడమ కొస రంగులకు బలం రావాలంటే ఏం చేయాలి అని ఇన్‌చార్జిని చొక్కా పట్టుకుని ఊపాడు.

"చొక్కా వదులు, చెబుతా. యాంప్లిఫయర్‌లోకి వచ్చే వెలుగును తగ్గించాలి. తక్కువొస్తే ఇది ఎక్కువ కష్టపడుతుంది. కష్టపడ్డప్పుడు దీనికి ఎడమ కొస వాళ్ళంటే ముద్దెక్కువ."

"తగ్గించడం ఎలా?"

"వెంట్రుక చేసేవాడు. ఫైబర్‌ను పెన్సిల్‌కు చుట్టి వంచేవాడు. వంపు దగ్గర వెలుగు కారిపోతుంది. కుడి కొస రంగులు ఇంకాస్త ఎక్కువ కారతాయి." ఇన్‌చార్జి గొంతు తగ్గించాడు. "కానీ మరీ ఎక్కువ చుట్టావంటే అసలు వెలుగే రాలేదనుకుని ఇది అలారం ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు నలభై రంగులూ పోతాయి."

రిజిస్టరుకు దారంతో కట్టిన పెన్సిల్‌ను ముల్లు తెంపి తీసుకున్నాడు. యాంప్లిఫయర్‌లోకి వెళ్ళే ఫైబర్‌ను దాని చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ఇన్‌చార్జి తెర చూస్తూ అంకెలు చదవసాగాడు. వెనక నుంచి నెమలి, నీ చేతులు వణుకుతున్నాయి, విరిచేస్తావు అని తీరిగ్గా అంటోంది. రెండో చుట్టు. నాలుగో గీత కదల్లేదు. మూడో చుట్టు. కొద్దిగా లేచింది, మళ్ళీ పడింది. మూడూ యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లు.

"ఇంకో చుట్టు" అన్నాడు ఇన్‌చార్జి.

"అలారం?"

"దగ్గర్లో ఉంది. పూర్తిగా కాదు, సగం. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు."

రాక్ మీద ఎర్రదీపం ఒకసారి మిణుకుమని ఆరింది. ముల్లు బొటనవేలు, చూపుడువేలు మధ్య పెన్సిల్‌ను బిగించి పట్టుకున్నాడు. నాలుగో గీత రొదలోంచి మెల్లగా తల పైకెత్తింది. రెండు డెసిబెల్, రెండున్నర, మూడు. నాలుగు గంటలు. మెసేజ్ బయల్దేరింది. అది పదకొండు సెకన్ల మెసేజ్. ఆ పదకొండు సెకన్లూ గదిలో ముగ్గురిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు, నెమలితో సహా.

"పోయింది. ఒక్క తప్పు లేదు" అన్నాడు ఇన్‌చార్జి. అని గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు.

*

పెన్సిల్ మాత్రం వదలడానికి లేదు. అక్క చేరిందో లేదో తెలియజేసే కబురు రావలసింది కూడా ఆ నాలుగో రంగు లైనులోనే. వేళ్ళు ఒక్క వెంట్రుకవాసి సడలినా గీత కుంగుతోంది. టేపు వేసి కట్టేద్దామంటే ఇన్‌చార్జి దాన్ని ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. ముల్లు అతణ్ణి తిట్టాడు. అతను ముల్లును తిట్టాడు. నాలుగున్నరకు పోలీసులు వచ్చి నెమలిని తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర ఆమె ఒకసారి వెనక్కి తిరిగి పెన్సిల్ పట్టుకున్న అతని చేతిని చూసింది. వాతావరణం కంపెనీలో అయిదుగురు దొరికారని చీఫ్ ఫోన్ చేశాడు. నీ వల్ల నా పరువు పోయింది అన్నాడు. అతని దగ్గర అది అభినందన కిందే లెక్క.

అయిదు కొట్టింది. కబురు లేదు. అయిదుంబావు. ముల్లు వేళ్ళు మొద్దుబారిపోయాయి. చేతిని మోకాలికి ఆనించి, తెర మీది నాలుగో గీతను చూస్తూ కూర్చున్నాడు. ఆ గీత ఉన్నంతసేపూ అక్క ఉన్నట్టేనని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాటను అతనే నమ్మలేదు.

అయిదూ ఇరవై ఆరుకు స్టేషన్ ఫోన్ మోగింది. ఇన్‌చార్జి రిసీవర్ తెచ్చి అతని చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు. రాయబార కార్యాలయం నుంచి, నాలుగో రంగులో, పదకొండేళ్ళ తర్వాత, కొంచెం బొంగురుపోయిన గొంతు.

"ఒరేయ్, నువ్వేనా?"

"నేనేనక్కా."

"వ్యానులో సీటు లేదు. చాకలి మూటల మీద కూర్చోబెట్టి తెచ్చారు. ప్లాను నీదేనా?"

కాదని చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. పదకొండేళ్ళుగా ఎవరితోనూ తన భాషలో మాట్లాడలేదు, ఎవరినీ పేరు పెట్టి తిట్టలేదు. తాను వెళ్ళిన మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టింది. వద్దంటే వినకుండా నెమలిని ఎందుకు పెళ్ళి చేసుకున్నాడో, అమ్మ కంటి ఆపరేషన్‌కు ఎందుకు వెళ్ళలేదో, రహస్య లేఖలో కూడా అన్ని తప్పులు ఎలా రాయగలిగాడో వరసగా అడుగుతోంది. ముల్లు అన్నింటికీ ఊఁ కొడుతున్నాడు. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతుల్లో ఒకటి ఖాళీగా ఉన్నా వాటిని తుడుచుకోలేదు.

ఇన్‌చార్జికి చివరికి బల్ల సొరుగులో టేపు దొరికింది. పెన్సిల్‌ను కట్టేయనా, చెయ్యి తీసేద్దువు గానీ అని సైగ చేశాడు. ముల్లు వద్దని తల ఊపాడు. అక్క ఇంకా మూడో ఏడాదిలోనే ఉంది.